ఎండు కొమ్మకూ ఒక పనుంది

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ వంటి పాత చెట్ల చోట, ఎండవేళ అలుపు లేకుండా "టుక్, టుక్" అంటూ వినిపించేది కంసాలి పిట్ట. పిచ్చుక కంటే కాస్త పెద్దది. ఒళ్లు ఆకుపచ్చ, నుదుటా రొమ్ము మీదా ఎరుపు, గొంతు పసుపు. కొలంబియా, ఈక్వడార్ దేశాల తడి కొండ అడవుల్లో పళ్లు తిని బతికే టూకాన్ బార్బెట్‌కు ఇది దూరపు చుట్టం. ఆ చుట్టాన్ని అడవుల నరికివేత, పంజరపు పిట్టల వ్యాపారం వెంటాడుతున్నాయి. మన పిట్టకు జాతిగా అంత ముప్పు లేదు. అయినా నగరంలో దాని కాపురం మనం కొమ్మలు కొట్టే తీరును బట్టే నిలుస్తుందని నా వాదన.

మర్రి, రావి, మేడి పళ్లు దాని ముఖ్యాహారం. కాబట్టి చెట్లు నాటితే సరిపోతుందనుకుంటాం. కానీ గూటి సంగతి వేరు. వడ్రంగి పిట్టకున్న ముక్కు బలం దీనికి లేదు. గట్టి పచ్చి కర్రను తొలచలేదు. ఎండి, కాస్త పుచ్చి, మెత్తబడిన కొమ్మ దొరికితే, తరచు దాని అడుగు వైపున గుండ్రటి తొర్ర తొలుచుకుంటుంది. గుడ్లు పెట్టేదీ, రాత్రి తలదాచుకునేదీ అందులోనే. తొర్ర తొలచడం చేతకాని పిట్టలకు ఇలాంటి పాత తొర్రలే ఆసరా. మనం చెట్టును "శుభ్రం" చేసేటప్పుడు ముందు పోయేది ఆ ఎండు కొమ్మే. ఇవాళ నాటిన మొక్క ఆ లోటు తీర్చడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఎండు కొమ్మ విరిగి జనం మీద పడితే ఎవరు బాధ్యులని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, కరెంటు తీగల పక్కనో వేలాడే కొమ్మను కొట్టాల్సిందే. అయితే తోటలో ఎవరూ నడవని మూలకు అదే నియమం ఎందుకు? కొమ్మను మొదలంటా కొట్టకుండా పొట్టి మోడు వదిలితే బరువు తగ్గుతుంది, పిట్టకు చోటూ మిగులుతుంది. పిట్టల రెట్టల వల్లే పాత భవనాల గోడల్లో రావి మొలుస్తోందన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, కానీ ఆ గింజలు చల్లేవాటిలో కాకులు, గోరువంకలు కూడా ఉన్నాయి. మొలకను లేతగా ఉన్నప్పుడే పీకేస్తే గోడకు నష్టం లేదు. గాలివానలకు ముందు కొమ్మలు కొట్టేది సరిగ్గా గూళ్ల కాలం ముగియకముందే. అందుకే చెట్టెక్కే మనిషికి రెండు ప్రశ్నలు నేర్పాలి: కింద జనం తిరుగుతారా, కొమ్మ అడుగున తొర్ర ఉందా? జనం తిరిగితే కొట్టాలి. తిరగని చోట తొర్ర ఉంటే పిల్లలు ఎగిరేదాకా ఆగాలి.