బొగ్గు సీమలో వెలుగు విద్య: పేట సినిమాహాలు, దాని ఆపరేటరు

సినిమాహాలును గూర్చి వ్రాయువారు సాధారణముగా తెరను గూర్చియు, కటౌట్లకు వేసిన పూలదండలను గూర్చియు, నేలతరగతి ఈలలను గూర్చియు వ్రాయుదురే గాని, ప్రేక్షకుల తలలపైగా ఆ వెలుతురును పంపు ఇరుకు గదిని గూర్చియు, ఆ వేడిలో మూడు గంటలు నిలువుకాళ్లపై నిలుచు ఆపరేటరును గూర్చియు వ్రాయువారు అరుదు. హాలునకు ప్రాణము ఆ గదియే యని నా నిశ్చితాభిప్రాయము. నేడు పాత హాళ్లకు పునర్జన్మ కలిగించుచున్నామని చెప్పుకొనుచున్న యజమానులు కుర్చీలు మార్చి, గోడలకు రంగులు వేసి, ఆ గదిని మాత్రము మరచుట చూచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

ఆ గది విలువ తెలియుటకు గోదావరిఖనియే తగిన తావు; అది బొగ్గుబాయిల మీద వెలసిన పట్టణము. 1871లో భూగర్భశాస్త్రవేత్త డాక్టర్ కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనుట, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుట, 1945లో నిజాం ప్రభుత్వము అందు అధికభాగము వాటాలు కొనుట, ఇవి యన్నియు చరిత్రకారుల సొమ్ము. రామగుండమువైపు బాయిలు 1960 ప్రాంతమున తెరువబడెననియు, వాని వెంట జనమును, జనము వెంట డేరా టాకీసులును వచ్చెననియు పెద్దలు చెప్పగా వినియున్నాను. మూడు షిఫ్టుల ఊరిలో సినిమా ఆటలకును షిఫ్టులకును చుట్టరిక మేర్పడుట సహజము. మొదటి షిఫ్టు ముగించి, బొగ్గుమసి కడుగుకొని వచ్చినవానిది సాయంకాలపు మొదటి ఆట; రాత్రి షిఫ్టు చేసి, పగలు నాలుగు గంటలు కునుకు తీసి లేచినవానిది మ్యాట్నీ. పగలెల్ల భూగర్భమున గడపినవాడు పైకివచ్చి, డబ్బిచ్చి మరల చీకటిలోనికే పోవుట తెలియనివారికి వింతగా తోచును. బాయిలో తన నెత్తిమీది దీపమును తానే మోసికొనవలసినవాడు హాలులో ఇంకొకడు పట్టిన దీపము క్రింద నిశ్చింతగా కూర్చుండును. ఆ ఇంకొకడే ఆపరేటరు.

కార్బను దీపముల కాలమున వాని పని నిప్పుతో పని. రెండు కార్బను కడ్డీల కొనలను ఒకదానికొకటి తాకించి తటాలున ఎడము చేసినంతనే, ఆ ఎడములో విద్యుత్తు విల్లువలె వంగి, కంటితో నేరుగా చూడరాని ధవళజ్వాల పుట్టును. కడ్డీలు కాలుచున్నకొలది ఎడము పెరుగును, పెరిగినకొలది తెరమీది తెలుపు పసుపువారి రెపరెపలాడును, మరీ తగ్గినచో జ్వాల ఉక్కిరిబిక్కిరియగును. కనుక నల్లటి అద్దము గుండ ఆ జ్వాలను కనిపెట్టుచు, నిమిషనిమిషమునకు మర త్రిప్పుచు, ఆ వ్రేలెడు ఎడమును ఆట ముగియువరకు చెదరనీయక నిలుపగలవాడే ఆపరేటరనిపించుకొనెడివాడు.

జ్వాల ఒక యెత్తు, ఫిలిము నడక ఇంకొక యెత్తు. సెకనుకు 24 బొమ్మల చొప్పున, నిమిషమునకు 90 అడుగుల ఫిలిము గేటు గుండ దిగవలెను. అది యెడతెగక జారినచో తెరపై గీతలే గాని బొమ్మ కనబడదు. మాల్టీస్ క్రాసు అను నాలుగు గాడుల చక్రము ప్రతి బొమ్మను దీపమునకెదురుగా క్షణమాత్రము నిలిపి, రెక్కల షట్టరు మూసినపుడు తరువాతి బొమ్మను దింపును. అదే షట్టరు నిలిచిన బొమ్మను రెండుమారులు వెలిగించుటచే సెకనుకు 48 మెరుపులై, కన్ను వానిని అఖండ కాంతిగా భ్రమించును. ధ్వనిరేఖయో, తన బొమ్మకు 20 బొమ్మల దూరము ముందుగా ముద్రితమై యుండును. ఎక్కించునపుడు ఫిలిము మడత ఒక్కటి పొట్టియైనను పొడుగైనను పెదవుల కదలికకును మాటకును పొంతన తప్పును. సావిత్రి కంటనీరు ఒకచోట, ఏడుపు ఇంకొకచోట!

రీలు మార్పిడి యనునది ఈ విద్యలో పరాకాష్ఠ. 2,000 అడుగుల చుట్ట 22 నిమిషములలో అయిపోవును. ఆలోగా రెండవ ప్రొజెక్టరుపై తరువాతి చుట్ట ఎక్కించి, కార్బను వెలిగించి, తెర కుడివైపు పైమూలను చూచుచు నిలువవలెను. అచ్చట మొదటి చుక్క తళుక్కుమన్నపుడు మోటారు కదపవలెను. ఏడు సెకనులలో రెండవ చుక్క. ఆ నిమేషమున ఈ యంత్రపు కంతను మూసి ఆ యంత్రపు కంతను తెరవవలెను. ఘనులైన ఆపరేటర్లు ఈ మార్పిడిని పాటమధ్యమున జరిపినను నృత్యమున పాదము తడబడెడిది కాదు. ప్రింటొక్కటే ఉండి రెండు హాళ్లు పంచుకొనునపుడు, మొదటి హాలులో ముగిసిన రీలును సైకిలుపై రెండవ హాలునకు చేరవేసి, ఒక్క విరామమైనను రాకుండ రెండు ఆటలను నడిపించిన మహానుభావులు ఈ సీమ చిన్న పట్టణములలో నుండిరి. నగరములలో వందరోజులాడి, చిరిగి, అంచు రంధ్రములు తెగి, వానగీతలతో వచ్చిన ప్రింటును బ్లేడుతో గీకి, ఫిలిము సిమెంటుతో అతికి, కొత్తదానివలె నడిపిన ఆ చేతులను గౌరవించిన సభ నేనొక్కటియు చూడలేదు.

ఛాయాగ్రాహకుల కీర్తి నిలుచుటయు ఈ గదిలోనే. మార్కస్ బార్ట్లే ‘మాయాబజార్’లో, 1957లో, నలుపు తెలుపులలోనే కురిపించిన వెన్నెల, కార్బను మందగించినచో బూడిదయై పోవును. వి.ఎస్.ఆర్. స్వామి 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ను సినిమాస్కోపులో చిత్రించినపుడు, ఆ బొమ్మ ఫిలిముపై అడ్డముగా నొక్కుకొని యుండగా దానిని మరల విప్పి తెరనిండ పరచు కటకమును సరిగా బిగించినవాడు ఆపరేటరే. 1986లో ‘సింహాసనం’ 70 ఎం.ఎం.లో వచ్చినపుడును అంతియే. ఛాయాగ్రాహకుల మాట యటుండ, మన సినిమా పుట్టుకయు ప్రదర్శకుని చేతిదే: మచిలీపట్నమువాడైన రఘుపతి వెంకయ్య 1910లో క్రోనోమెగాఫోను అను ప్రదర్శనయంత్రమును తెప్పించి ఊరూర ప్రదర్శించి, 1914లో మద్రాసున గెయిటీ హాలు కట్టించెను. మన సినిమాకు పితామహుడుగా మనము కొలుచుచున్నది ఒక ప్రదర్శకునే. ఈ మాట ప్రభుత్వములకును పరిశ్రమకును ఎప్పుడు జ్ఞాపకము వచ్చునో!

జినాన్ దీపము వచ్చి కార్బనును తొలగించెను, దానికి నేను వగవను. అది నిలుకడగల వెలుగు. 2010 తరువాతి కొలది యేండ్లలోనే ఫిలిము ప్రింటు మాయమై, ఉపగ్రహము ద్వారా, హార్డు డిస్కుల ద్వారా చిత్రము దిగివచ్చుట మొదలైనది. దానితో యజమానులు ఆపరేటరు అక్కరలేదనుకొనిరి. నా కోపమంతయు ఇచ్చటనే. మీట నొక్కుటకు మనిషి అక్కరలేకపోవచ్చును. మీట నొక్కినపిమ్మట తెరను చూచుటకు మనిషి కావలెను. డిజిటల్ ప్రదర్శనకు తెర మధ్యమున 14 ఫుట్ లాంబర్టుల కాంతి యుండవలెనని ప్రమాణ మున్నది. ఎన్ని హాళ్లలో నున్నది? ఆయువు తీరిన బల్బును ఖర్చునకు వెఱచి ఇంకను మండింతురు. త్రీడీ చిత్రమునకు బిగించిన పరికరమును మామూలు చిత్రమునకు తీయక వదలుదురు. స్కోపు బొమ్మకు పైన, క్రింద నల్లతెర జరుపక బూడిదరంగు పట్టీలను చూపుదురు. ఒకానొక హాలులో సగము చిత్రము మసకగా నడచుచుండగా లేచి పోయి గది తలుపు తట్టితిని; లోపల ఎవ్వరును లేరు. యంత్రము తనంతట తాను పాడుచున్నది. దీనిని ప్రదర్శన యనుట ప్రదర్శనకు అవమానము.

బొగ్గు సీమకు ఈ బాధ మరింత దగ్గరిది. 2021 ఆరంభమున ‘సలార్’ చిత్రణము గోదావరిఖని గనులలో జరిగినది. 2023లో వచ్చిన ‘దసరా’ సింగరేణి పల్లె కథ. ఛాయాగ్రాహకుడు సత్యన్ సూర్యన్ అందు పట్టిన నలుపును, ఆ బొగ్గును, ఆ ధూళిని, ఆ చెమటపట్టిన ముఖములను ఈ సీమవాడు గుర్తుపట్టవలెను గదా! నలుపు చూపుట ప్రొజెక్టరునకు అన్నిటికన్న కష్టము. దీపము మందమై, పక్క తలుపు సందున వెలుతురు చొరబడు హాలులో బొగ్గు బొగ్గుగా కనబడదు, తడిసిన మట్టిగా కనబడును. గనిలో పనిచేయువానికి తన గనియే సరిగా చూపలేని హాలు ఎందులకు?

పునరుద్ధరణ జరుగుటలేదని నేననను. 2020 మార్చిలో కరోనాతో మూతపడిన హాళ్లు ఆ యేటి చివర మరల తెరుచుకొన్నవి. 2022లో ‘పోకిరి’, ‘జల్సా’ పునర్విడుదలలకు ఒంటితెర హాళ్లలో యువకులు చేసిన సందడిని చూచి హాలు చచ్చెనన్నవారు నోరు మూసికొనిరి. కాచిగూడలో ఎన్.టి. రామారావు పేరు మోయు తారకరామ థియేటరును అదే యేడు డిసెంబరులో నూతన హంగులతో తిరిగి తెరచుట నాకు ఎనలేని సంతోషము కలిగించినది. పేరు నిలిచినది, తావు నిలిచినది, తెర నిలిచినది. అమీర్‌పేటలో సత్యం థియేటరు పడగొట్టి 2023లో ఆ తావున మాలును, అందులో అనేక తెరలను నిలిపిరి. అది సౌకర్యమే కావచ్చును, నేను దానిని పునరుద్ధరణ యనజాలను. విశాఖలో ఒక కూడలికే జగదాంబ యని పేరు నిలిచినది ఒక సినిమాహాలువలననే; అట్టి బంధము మాలునకు ఏర్పడదు. ఐనను ఈ సందడిలో, 2024 మేలో కొత్త చిత్రములు లేక తెలంగాణలోని ఒంటితెర హాళ్లు పది దినములు మూసివేయ నిశ్చయించిన సంగతిని ఇంత త్వరగా మరువరాదు.

రామగుండము ఎరువుల కర్మాగారము 1999లో ఆగిపోయి, రెండు దశాబ్దములు తుప్పుపట్టి, 2021లో మరల ఉత్పత్తి మొదలిడినది. అంతటి కర్మాగారమునకు ప్రాణము పోయగలిగిన నేలకు ఒక ప్రొజెక్టరు ఎంత? సింగరేణి యాజమాన్యమునకు నా విన్నపము: మీ కాలనీలలో ఎక్కడైనను ఒక సభాభవనమున ఒక జత 35 ఎం.ఎం. ప్రొజెక్టర్లను నడుచు స్థితిలో నిలుపుడు. పాత ఆపరేటర్లు బ్రతికి యుండగానే వారిని పిలిచి, గౌరవవేతన మిచ్చి, యువకులకు నేర్పింపుడు. హాళ్ల యజమానులారా, కుర్చీలకు ముందు దీపము మార్పుడు, గదిలో మనిషిని పెట్టుడు. రఘుపతి వెంకయ్య పేర పురస్కారము లిచ్చు ప్రభుత్వములు ఒక పురస్కారమును ఆపరేటరునకు కేటాయింపవలెను. పాఠకులారా, తెర మసకబారినపుడు ఊరక కూర్చుండకుడు. లేచి మేనేజరు గదికి పోయి, మేము టిక్కెట్టు కొన్నది వెలుతురుకని గట్టిగా చెప్పుడు.