ఖైదీకి నెంబరు ఉంది, చేతిపని లేదు

తెలుగు సినిమాకు జైలు కొత్త కాదు. పరిశ్రమ మద్రాసులో ఉన్నప్పుడూ ఉంది, జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌లకు వచ్చాకా ఉంది. 1983లో 'ఖైదీ' చిరంజీవిని పెద్ద హీరోని చేసింది. చాలా ఏళ్ల విరామం తర్వాత 2017లో ఆయన తిరిగొచ్చిందీ 'ఖైదీ నెంబర్ 150'తోనే. తెరమీది ఖైదీకి నెంబరుంటుంది, పగ ఉంటుంది, గోడ దూకే బలం ఉంటుంది. "లోపలికి రాకముందు ఏం పని చేసేవాడివి?" అని అడిగే మనిషి మాత్రం మేం చూసిన సినిమాల్లో అరుదు.

'ఖైదీ నెంబర్ 150' హీరో దొంగే అయినా నక్షా చదవడంలో దిట్ట. పారిపోయిన మరో ఖైదీని పట్టుకోవడానికి పోలీసులే అతని తెలివి వాడుకుంటారు. అతను అదే తెలివితో తప్పించుకుంటాడు. ఆ విద్యతో బయట ఒక ఉద్యోగం చేయవచ్చునన్న ఆలోచన కథకు రాదు. 2021లో వచ్చిన 'నాంది' ఇంకో మెట్టు ఎక్కింది. చేయని నేరానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఏళ్ల తరబడి విచారణ ఖైదీగా మగ్గుతాడు. మన దేశపు జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే కాబట్టి ఆ సినిమా అవసరమైనదే. అయితే అది కోర్టు గెలుపు మీద పెట్టిన శ్రద్ధ, ఆ మనిషి పోగొట్టుకున్న పని మీద పెట్టలేదు.

పాత సినిమా ఒకటి ఈ విషయంలో ముందుంది. 1974 నాటి 'ఖైదీ బాబాయ్', హిందీ 'దుష్మన్'కు తెలుగు రూపం. తన లారీ కింద పడి ఒక రైతు చనిపోతే, ఆ డ్రైవర్‌ని జైల్లో పెట్టకుండా ఆ కుటుంబానికే కష్టపడి పెట్టమంటుంది కోర్టు. ఊరు మొదట ఛీకొడుతుంది. అతని పని చూశాకే మనిషిగా ఒప్పుకుంటుంది.

ఆదివాసీల దగ్గరికొస్తే లెక్క ఇంకా తేడా. 2021లోనే తెలుగులోనూ విడుదలైన తమిళ సినిమా 'జై భీమ్'లో రాజన్న అనుకోండి, రాజాకన్ను అనుకోండి, అతను ఇరుళ మనిషి. పెద్దింట్లో పాము దూరితే అతన్నే పిలుస్తారు. ఆ ఇంట్లో నగలు పోతే, లోపలికి వచ్చాడు గనక దొంగ అతనే అంటారు. అతని విద్యే అతనికి కేసైంది. నిజ జీవితంలో అదే ఇరుళ జనం 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాముల విషం తీసి విరుగుడు మందు తయారీకి అందిస్తున్నారు. ఆ సంఘానికి చెందిన ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఒక చోట నేరానికి సాక్ష్యమైన విద్యే ఇంకో చోట గౌరవమైంది. విద్య మారలేదు, చూసిన కళ్లు మారాయి.

'ఆర్ఆర్ఆర్' (2022)లో భీమ్‌కు ఆకుపసరు తెలుసు, మెకానిక్ పని తెలుసు. అయినా చివర్లో అతను రామ్‌ని అడిగేది చదువు. కొమురం భీం అస్సాం వెళ్లి కూలి చేస్తూనే అక్షరాలు నేర్చుకున్నాడని ఆయన జీవితకథలు చెబుతాయి. బడిపంతుళ్లుగా మాకిది గుచ్చుకుంది. మనకు వచ్చినదాన్ని రానట్టు చూపి, తర్వాత దానం చేయడం సినిమాకే కాదు, ప్రభుత్వాలకూ అలవాటే.

జైలు పుస్తకాల్లో మరో అన్యాయం ఉండేది. కొన్ని రాష్ట్రాల నియమావళులు కులం చూసి వంటా, చీపురూ పంచాయి. సంచార జాతులను పుట్టు నేరస్తులన్నట్టు రాశాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నియమాలను కొట్టేసింది. కాబట్టి ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కులం అడిగి పని అంటగట్టడం వేరు, చెయ్యి చూసి పని గుర్తించడం వేరు. మేం అడిగేది రెండోది.

అది కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. తెలంగాణ జైళ్ల శాఖ ఖైదీలు చేసిన సరుకును 'మై నేషన్' పేరుతో అమ్ముతోంది, పెట్రోలు బంకులు నడుపుతోంది. మంచిదే. కానీ వెదురు తట్ట అల్లేవాడూ, తాపీ పట్టేవాడూ, కాఫీ పండు ఒలిచేవాడూ లోపలికి వెళ్లి కొత్తగా బంకులో గొట్టం పట్టుకోవడం నేర్చుకుంటే, ఉన్న విద్య తుప్పు పడుతుంది. గంజాయి మోసి దొరికిన మన ఏజెన్సీ కుర్రాళ్లకు ఇది మరీ అవసరం. వాళ్లను ఆ మూట ఎత్తుకోనిచ్చింది చేతిలో పని లేకపోవడం కాదు, ఉన్న పనికి కూలి గిట్టకపోవడం.

లోపలికి వచ్చిన వారంలోనే పని అడిగి రాయాలి. విచారణ ఖైదీ ఇష్టపడితే అతనికీ పరీక్ష పెట్టాలి. సర్టిఫికెట్ మీద జైలు పేరు ఉండకూడదు.

ఈ మాట ఫిలింనగర్‌కు అర్థం కాకపోదు. అక్కడి 24 క్రాఫ్ట్స్‌లో సెట్టు కట్టే వడ్రంగీ, రంగులు వేసేవాడూ, లైట్‌మెనూ చాలామంది చేత్తో నేర్చుకుని వచ్చినవాళ్లే. డిప్లొమా అడగకుండా పని చూసి పిలిచే పరిశ్రమ, తన కథల్లో ఖైదీని మాత్రం పనిలేనివాడిగా ఎందుకు రాస్తోంది? ఈసారి జైలు సీను రాసే రచయిత ఆ ఒక్క ప్రశ్న జైలరు నోట పెట్టాలి. విడుదలై వచ్చిన వడ్రంగి సెట్టు దగ్గర పని అడిగితే, నిర్మాత అతని చేతిలో ఉలి పెట్టి చూడాలి.