కనబడని జింక

జంతు ప్రదర్శనశాల అన్న పేరులోనే ఒక చిక్కు ఉంది. ప్రదర్శన అంటే చూపడం. అక్కడ పెరిగే ప్రాణుల్లో చాలావాటికి పుట్టుకతో వచ్చిన విద్య మాత్రం కనబడకుండా ఉండడం. టికెట్టు కొని వచ్చిన సందర్శకుడి ముచ్చటకూ, పొదచాటున ఒదిగి ఉండాలనుకునే జంతువు అవసరానికీ మధ్య జూపార్కు ప్రతిరోజూ తగవు తీర్చవలసి వస్తుంది. ఆ తీర్పు ఎటు మొగ్గిందన్నదాన్ని బట్టే అది వినోదశాలో, సంరక్షణ కేంద్రమో తేలుతుంది.

హైదరాబాదులో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో విస్తరించి, 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరుచుకున్న నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఈ తగవును అర్థం చేసుకోవడానికి పులినీ సింహాన్నీ కాక మూషిక జింకను ఎంచుకోవడం మేలు. పేరులో జింక ఉన్నా ఇది జింకల కుటుంబానికి చెందదు. దీనికి కొమ్ములుండవు, మగదానికి మాత్రం పైదవడ కోరలు కాస్త పొడుగ్గా ఉంటాయి. జానెడుకు కొంచెం మించిన ఎత్తు, మూడు కిలోలకు అటూఇటూగా బరువు, ఎండుటాకుల మీద పడిన ఎండపొడలా కనిపించే తెల్లని మచ్చలు, చారలు దీని ఆనవాళ్ళు. రాత్రిపూట తిరిగే ఈ ప్రాణి అలికిడి వినగానే చాలాసార్లు పరుగు తీయక, ఉన్నచోటే కదలక నిలిచిపోతుంది.

వేట వల్లా, అడవులు ముక్కలు కావడం వల్లా తగ్గిపోతున్న ఈ జాతి కోసం 2010లో నాలుగు ఆడ, రెండు మగ జంతువులతో అక్కడ సంరక్షణ ప్రజననం, అంటే తిరిగి అడవికి పంపే ఉద్దేశంతో మనుషుల పోషణలో సంతతిని పెంచే కార్యక్రమం మొదలైంది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీకి చెందిన అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల 'లాకోన్స్', కేంద్ర జూ ప్రాధికార సంస్థ, అటవీశాఖ చేతులు కలపడంతో ఏడెనిమిదేళ్ళలో ఆ ఆరూ రెండు వందలు దాటాయి. ఇంత కొద్దిపాటి మూలజీవాలతో మంద పెరిగేటప్పుడు దగ్గరి రక్తసంబంధం ఉన్నవి జతకట్టకుండా ఏ పిల్ల ఏ తల్లిదో వంశావళి రాసుకోవడం కూడా తిండి పెట్టడమంత అవసరమైన పనే.

ఈ వృత్తిలోని నైపుణ్యం ముట్టుకోకుండా తెలుసుకోవడంలో ఉంది. ఇంత బెదురు ప్రాణిని పట్టుకుని నెత్తురు తీస్తే ఆ బెదురే దాని ఒంటిని మార్చేస్తుంది కనుక, శాస్త్రజ్ఞులు దాని పెంటికలను పరీక్షిస్తారు. గర్భధారణకు తోడ్పడే ప్రొజెస్టిరాన్, ఒత్తిడి వేళ పెరిగే కార్టిసాల్ వంటి హార్మోన్లు శరీరంలో విచ్ఛిన్నమయ్యాక మిగిలిన పదార్థాలు మలంలో చేరతాయి. నేలమీద రాలిన మిరియపు గింజంత పెంటికల్లో వాటి మోతాదును కొలిస్తే, తల్లి చూలుతో ఉందో లేదో, కొత్త ఆవరణ దానికి నప్పిందో లేదో జంతువును తాకకుండానే తెలుస్తుంది. జంతు సంక్షేమం అంటే కడుపు నిండా తిండి, జబ్బుకు మందు మాత్రమే కాదని, దాక్కోవాలనుకున్నప్పుడు దాక్కోగలగడం కూడా అందులో భాగమేనని ఈ పద్ధతి ఒప్పుకుంటున్నది.

అయితే జూలో పుట్టినది నేరుగా అడవి జీవి కాలేదు. అందుకే 2017లో అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకెళ్ళిన మూషిక జింకలను మొదట కంచె వేసిన అటవీ భాగంలో ఉంచి, అక్కడి తిండికీ చప్పుళ్ళకీ అలవాటు పడనిచ్చి, తరువాత వదిలే అంచెల పద్ధతిని అనుసరించారు. అమ్రాబాద్ ఉన్న నల్లమలలో ఉచ్చులు పన్నడం ఆగకపోతే, నేలమీద దుబ్బులు మిగలకపోతే, జూలో పెరిగిన సంఖ్య లెక్కల పుస్తకానికే పరిమితమవుతుంది. జూపార్కు అడవికి తోడు కాగలదే తప్ప అడవికి బదులు కాలేదు.

సంతతి పెంపకం, జంతు సంక్షేమం తరువాత జూపార్కు పనుల్లో మిగిలింది ప్రజావిద్య, ఈ మూడింటిలోనూ బలహీనమైనది ఇదే. జంతువులను ఏడిపించడం, గాయపరచడం, రెచ్చగొట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని బోర్డులు చెబుతున్నా, నిద్రపోతున్న జంతువును లేపడానికి ఈలలు వేసేవారు ఉంటూనే ఉన్నారు. పగలును చీకటిగా, రాత్రిని వెలుగుగా మార్చి దేవాంగపిల్లి, పునుగుపిల్లి వంటి వాటిని చూపే అక్కడి నిశాచర జంతుశాల ఇందుకు కొంత విరుగుడు: లోపలికి అడుగు పెట్టినవారు కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కాసేపు నిలబడక తప్పదు, అలా నిలబడనివారికి ఏమీ కనబడదు.

ఆ నిలకడనే మిగతా ఆవరణల దగ్గరా నేర్పవచ్చు. ఖాళీగా కనిపించే ఆవరణ ముందు "ఇక్కడేం లేదు" అని పిల్లవాడు ముందుకు లాగుతున్నప్పుడు, తడిమట్టిలో చీలిన గిట్టల గుర్తు ఎక్కడుందో, ఏ ఆకు అంచు కొరికి ఉందో, పొద కింద పెంటికలు ఎప్పటివో చూడమని చెప్పే చిన్న బోర్డు గానీ, పక్కన నిలిచి చూపే సంరక్షకుడు గానీ ఉంటే చాలు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడూ, అమ్రాబాద్‌లో అటవీ సిబ్బందీ ఆ జంతువును తెలుసుకునేది చాలావరకు ఇలాంటి ఆనవాళ్ళతోనే. అదే చదువు పిల్లవాడికి ఆ కంచె దగ్గర మొదలవుతుంది, జింక మాత్రం పొదలోనే ఉంటుంది.