మూడో చెవి

మా ఆఫీసులో ఒకప్పుడు హబ్ ఉండేది. ఒక కంప్యూటర్ పలికిన మాట అన్నిటి చెవినా పడేది. స్విచ్ వచ్చాక, ఏ పోర్టులో ఏ మ్యాక్ అడ్రస్ ఉందో అది పట్టిక రాసుకుని, ఎవరి ఉత్తరం వాళ్ల గుమ్మంలోనే వేయసాగింది. మంచిదే. కానీ రెండు కంప్యూటర్ల మధ్య ఇబ్బంది వస్తే మూడోవాడికి ఏమీ వినబడదు.

నెట్‌వర్క్ మనిషి పనితనం అక్కడ చూడాలి. ఓసారి సర్వర్ నుంచి ఫైళ్లు నత్తనడక నడుస్తుంటే ఒక కుర్రాడు వచ్చాడు. మేనేజరు అనుమతి అడిగాకే స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ పెట్టాడు. సర్వర్ పోర్టులో వచ్చేదానికీ పోయేదానికీ నకలు ఇంకో పోర్టుకు వస్తుంది. అక్కడ ల్యాప్‌టాప్ తగిలించి వైర్‌షార్క్ తెరిచాడు. 1998లో జెరాల్డ్ కోంబ్స్ ఈథీరియల్ పేరుతో విడుదల చేసిన ఉచిత సాధనమది. 2006లో పేరు మారింది.

తెర మీద వరసలు జలజలా పారాయి. నడుమ నల్లటి పట్టీలు, వాటి మీద ఎర్రటి అక్షరాలు.

"చూడండి సార్, సర్వర్ పంపిందే మళ్లీ పంపుతోంది."

నకలుతో ఆగలేదు. చెడిపోయిన ఫ్రేములను స్విచ్ ముందే పారేస్తుంది, అవి నకలులో కనబడవు. అందుకే పోర్టు లెక్కలు తీశాడు. లోపాల అంకె పెరుగుతోంది. స్విచ్ ఒకేసారి పంపుతూ అందుకునే ఫుల్ డూప్లెక్స్‌లో, సర్వర్ ఒకసారికి ఒకటే చేసే హాఫ్ డూప్లెక్స్‌లో ఉన్నాయి! రెండూ సరిచేయగానే నల్లపట్టీలు పోయాయి.

ఆ ఓపిక అంటే నాకెంతో గౌరవం. వెళ్లేముందు మిర్రరింగ్ తీసేశాడు, పట్టిన ఫైలును మా కళ్లముందే చెరిపేశాడు.