కప్పతల్లిని మోసే చేతులు

మృగశిర దాటి ఆరుద్ర కార్తె వచ్చినా చినుకు రాలకపోతే ఖమ్మం జిల్లా పల్లెల్లో కప్పతల్లి ఆడతారు. రోకలికి వేపమండలు చుట్టి, నడిమధ్య తడిగుడ్డలో కప్పను కట్టి, ఇద్దరు చెరో కొస భుజానికెత్తుకుని ఇంటింటికీ తిరుగుతారు. పాట వినపడగానే ఇల్లాలు బిందెతో బయటికొచ్చి కప్ప మీద నీళ్ళు కుమ్మరిస్తుంది. గుప్పెడు బియ్యమో, పప్పో వేస్తుంది. చివరికి ఆ బియ్యం వండుకుని అందరూ తింటారు. కప్పను నీళ్ళలో వదిలేస్తారు.

వానకూ కప్పకూ ముడిపెట్టడం చాలా పాతది. ఋగ్వేదం ఏడో మండలంలో కప్పల మీద ఒక సూక్తమే ఉంది. అస్సాంలో వాన కోసం కప్పలకు పెళ్ళి చేస్తారు. మన దగ్గర మాత్రం ఆ ప్రాణి గంటల తరబడి మనుషుల చేతుల్లో ఉంటుంది. అందుకే ఈ ఆచారం విలువంతా దాన్ని పట్టుకునే తీరులోనే ఉందని నా నమ్మకం.

కప్ప నోటితో నీళ్ళు తాగదు. చర్మంతోనే పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత చర్మం గుండానే ఆడుతుంది. ఒళ్ళు ఆరిందంటే దాని ప్రాణం మీదికొచ్చినట్టే. ఇప్పుడు రోకలి వైపు చూడండి: వేపాకు నీడ, తడిగుడ్డ, గడపగడపకూ బిందెడు నీళ్ళు. ఎండలో కప్పను బతికించడానికి ఇంతకంటే ఏం కావాలి? గుడ్డ ఆరనిచ్చినా, తాడుతో బిగించి కట్టినా ఆచారం పేరు మిగులుతుంది, కప్ప మిగలదు.

పట్టుకునే ముందు చేతులు చెరువు నీళ్ళలోనే తడుపుకోవాలి. సబ్బు, నూనె, దోమల మందు చేతికి అంటుకుని ఉంటే అవి దాని చర్మంలోంచి నేరుగా ఒంట్లోకి దిగుతాయి. మీదినుంచి గబుక్కున పడితే కొంగ ముక్కు వచ్చిందనుకుని ఎగిరి దూకుతుంది. పక్కనుంచి మెల్లగా వెళ్ళి, అరచెయ్యి పొట్ట కిందికి జార్చి, రెండో చెయ్యి పైన డొప్పలా మూయాలి. చేతుల మధ్య చీకటి కమ్మేసరికి కొంత నెమ్మదిస్తుంది. వెనక కాళ్ళు గాల్లో వేలాడితే తన్నుకుంటుంది కాబట్టి వాటికి ఆనిక ఇవ్వాలి. పొట్ట నొక్కకూడదు. ఒక్కోసారి పట్టుకోగానే చెయ్యి తడిసిపోతుంది, పిల్లలు ఛీ అని వదిలేస్తారు. కానీ అది ఎండకాలానికని మూత్రాశయంలో దాచుకున్న నీరు, భయంతో వదిలేసింది. వెంటనే ఒళ్ళు తడిపి, ఆ రోజుకు దాన్ని వదిలెయ్యడమే మంచిది.

కప్ప మచ్చికవుతుందా అని కొందరు అడుగుతారు. కుక్కపిల్లలా కాదు. కదలకుండా కూర్చుందంటే భయంతో బిగుసుకుపోయి ఉండొచ్చు. అలవాటు పడాల్సింది మన చెయ్యే. పిల్లలకు అది నేర్పడానికి కప్పతల్లిని మించిన బడి నాకు కనపడదు.

ఒక్క మార్పు మాత్రం రావాలి. పసుపూ కుంకుమా కప్పకు పూయకుండా రోకలికి పెడితే చాలు. తొలకరి పడగానే మగ బోదురు కప్ప తానే నిమ్మపండు రంగుకు తిరుగుతుంది, గొంతుకు రెండు పక్కలా నీలి బుడగలు పొంగుతాయి. దానికి మనం రంగు పెట్టే పనిలేదు.

ఈ బోదురు కప్పల్నే ఒకప్పుడు కాళ్ళ కోసం పట్టి విదేశాలకు పంపేవారు. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. వైరా రిజర్వాయర్ కింది మాగాణుల్లో వరికి పట్టే పురుగుల్ని తినిపెట్టే ఈ ప్రాణి రైతుకు కూలి అడగని పాలేరు. దాన్ని ఏడాదికోసారి ఊరంతా తలుచుకుని నీళ్ళు పోయడం చిన్న విషయం కాదు.

వదిలేటప్పుడు ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. కైట్రిడ్ అనే బూజు ప్రపంచమంతటా 500కు పైగా ఉభయచర జాతుల్ని దెబ్బతీసిందని 2019లో శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. ఒక కుంట కప్పను ఇంకో కుంటలో వేస్తే అలాంటి జబ్బులూ దాంతోపాటే వెళ్తాయి. గరుకు చర్మం కప్పలకు చెవుల వెనక ఉండే ఉబ్బుల్లో విషపు పాలు ఊరతాయి. కాబట్టి మోసినవాళ్ళు కళ్ళు నలుపుకోకుండా, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బియ్యం మీద చెయ్యి వెయ్యాలి.