పిట్ట కన్ను పట్టే చేయి

పక్షి ఫొటోలో మొదట చూడాల్సింది కన్ను. రెక్కలు ఎంత విప్పినా, పొద్దుటి ఎండ ఎంత బంగారంగా పడినా, కన్ను మసకబారిందంటే ఆ ఫొటో పోయినట్టే. నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీదికి దిగుతున్న గూడబాతును కంటిపాపలో మెరుపుతో సహా పట్టిన ఫొటో కనబడితే, తీసిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది. ఆ చేతిలో లక్షల ఖరీదు కెమెరా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నాలుగైదు సెట్టింగులు మాత్రం ఆ చేతికి వంటబట్టి ఉంటాయి.

ఆటోఫోకస్ రాకముందే ఈ విద్యలో మహానుభావులున్నారు. ఇంగ్లండుకు చెందిన ఎరిక్ హోస్కింగ్ 1937లో గుడ్లగూబ గోళ్లకు ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క కంటితోనే ప్రపంచానికి పక్షి ఫొటో అంటే ఏమిటో చూపించాడు. సింగపూరు సినిమా వ్యాపారి లోక్ వాన్ థో మన పక్షి శాస్త్రవేత్త సలీం అలీతో కలిసి తిరుగుతూ పక్షుల్ని ఫిల్ముకెక్కించాడు. మద్రాసులో ఎం. కృష్ణన్, ఎక్కడెక్కడి భాగాలో తనే కూర్చుకున్న భారీ కెమెరాతో, నలుపు తెలుపుల్లో అడవినంతా కళ్లకు కట్టాడు. వాళ్ల వేళ్లే వాళ్ల ఆటోఫోకస్. 1985లో ఆటోఫోకస్‌తో మినోల్టా 7000 కెమెరా వచ్చింది, 1987లో కానన్ ఈఓఎస్ ఫోకస్ తిప్పే మోటారును లెన్సులోనే పెట్టింది. అక్కణ్ణుంచి కథ మారింది.

ఇక లెన్సు. ఈ విషయంలో నేను పక్షపాతిని, దాచుకోను. నా ఓటు కానన్ 400 ఎంఎం ఎఫ్ 5.6కే. 1993లో వచ్చిన లెన్సు, బరువు కిలోంబావు. వణుకు తగ్గించే ఏర్పాటు లేదని దాన్ని తీసిపారేసేవాళ్లున్నారు. ఎగిరే పక్షికి 1/2000 సెకను పెట్టినప్పుడు ఆ ఏర్పాటుతో పనేముంది? ఆ వేగంలో చేతి వణుకు కనబడదు. నికాన్ 200-500, సోనీ 200-600 మంచి లెన్సులే. అయితే రెండూ రెండు కిలోలు దాటతాయి. వాచ్ టవర్ మీద ట్రైపాడ్ వేసుకుని కూర్చునేవాళ్లకు అవి సరిపోతాయి. తల మీదుగా ఒక్కసారిగా దూసుకెళ్లే కొంగను భుజం తిప్పి వెంటాడాలంటే తేలికైన లెన్సే గెలుస్తుంది. 1.4 కన్వర్టరు తగిలిస్తే అది 560 ఎంఎం అవుతుంది. వెలుతురు మాత్రం ఎఫ్ 8కి పడిపోతుంది, పాత డీఎస్ఎల్ఆర్లు చాలావాటిలో ఆటోఫోకస్ మొరాయిస్తుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో పక్షులు ఊరి చెరువులోనే ఉంటాయి గనక 400 ధారాళంగా చాలు. పులికాట్ సరస్సులో రాజహంసలకు ఏ లెన్సూ చాలదు. పైగా పొద్దెక్కితే ఉప్పునేల మీంచి లేచే వేడిగాలి ఫొటోను అలల్లా కదిలిస్తుంది. దానికి ఖరీదైన లెన్సు మందు కాదు. తెల్లవారకముందే చేరుకోవాలి, అంతే.

అసలు విద్యంతా బొటనవేలిలో ఉంది. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనకున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కు అప్పగించండి. కంటిన్యూయస్ ఫోకస్, అంటే కానన్‌లో ఏఐ సర్వో, మిగతా చాలావాటిలో ఏఎఫ్-సి, ఎప్పుడూ అలాగే ఉంచండి. పిట్ట కూర్చుంటే వేలు తీస్తే చాలు, ఫోకస్ అక్కడే నిలుస్తుంది. లేచిందా, వేలు నొక్కితే వెంటపడుతుంది. సెట్టింగు మార్చే పనే లేదు. కొమ్మల్లో దాగిన లకుముకికి ఒక్క పాయింటే వాడాలి, లేకపోతే ముందున్న ఆకును పట్టుకుంటుంది. ఎగిరే కొంగకు ఆ పాయింటు చుట్టూ నాలుగు సాయం పాయింట్లు కలపాలి. మొత్తం ఫ్రేమును కెమెరాకు వదిలేయడం ఖాళీ ఆకాశంలోనే పనిచేస్తుంది. లెన్సు మీద దూరం పరిమితి స్విచ్ ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు. 400 ఎంఎంలో దాన్ని 8.5 మీటర్ల దగ్గర పెడితే, గురి తప్పినప్పుడు లెన్సు దగ్గరి దాకా వెళ్లి వెతుక్కోదు. ట్రాకింగ్ స్పందనను నెమ్మదిగా ఉంచితే రెల్లు అడ్డొచ్చినా ఫోకస్ పక్షినే అంటిపెట్టుకుంటుంది. ఎంత వేగంగా పెడితే అంత మంచిదనుకుని దాన్ని పైకి తోసేవాళ్లు రెల్లు ఫొటోలతో ఇంటికెళ్తారు. పక్షి ఇంకా చుక్కలా ఉన్నప్పుడే వేలుతో తట్టి తట్టి ఫోకస్‌ను దాని దూరానికి తెచ్చిపెట్టుకోవడం పెద్దవాళ్ల పని. దగ్గరికొచ్చేసరికి సగం యుద్ధం అయిపోయి ఉంటుంది.

కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు పక్షి కన్నును వాటంతటవే గుర్తుపడతాయి. నిజంగా గొప్ప వరం. అయినా ఒకే చెట్టు మీద పాతిక ఎర్రకాళ్ల కొంగలుంటే ఏ కన్ను కావాలో మీరే చెప్పాలి.

నా ఒళ్లు మండేది మరోచోట. గాజు తొట్టిలో బతికున్న చేపలు వేసి, లకుముకిని అక్కడికి మరిపి, దూకగానే నొక్కేసి దాన్ని అడవి ఫొటోగా అమ్ముతున్నారు. గూటి చుట్టూ ఆకులు కత్తిరించి పిల్లల్ని ఎండకు, కాకులకు అప్పజెప్పి ఫొటో తీస్తున్నారు. ఫోనులో రికార్డు చేసిన కూత వినిపించి, జత వెతుక్కునే పక్షిని పిచ్చిదానిలా తిప్పుతున్నారు. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేశారు. బురదలో కాలు పెట్టకుండా, రెండు వాక్యాలు టైపు చేసి కంప్యూటరు చేత పాలపిట్టను గీయించి లైకులు కోసుకుంటున్నారు. ఆ పాలపిట్ట రెక్కల ఈకలు లెక్కకు రావు, గోళ్లు కొమ్మను పట్టవు, అయినా జనం వాహ్వా అంటున్నారు. మసక ఫొటోకు లేని ఈకలు అతికించే సాఫ్ట్‌వేర్లూ ఆ తానులో ముక్కలే. చలిలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, వెయ్యి ఫ్రేముల్లో ఒక్కటి దక్కించుకున్నవాడి ఫొటో వీటి పక్కన వెలవెలబోతోంది. ఇది దొంగతనం కాకపోతే మరేమిటి?

ఫొటో క్లబ్బుల పెద్దలకు, పోటీలు పెట్టేవాళ్లకు నా మనవి ఒకటే. బహుమతి ఇచ్చేముందు కెమెరాలోంచి నేరుగా వచ్చిన రా ఫైలు అడగండి. ఆ ఒక్కదానితో ఆగకండి, దాని ముందు పది ఫ్రేములు, వెనక పది ఫ్రేములు కూడా అడగండి. నిజంగా వెంటాడినవాడి దగ్గర రెక్క తెగిపోయినవీ, కన్ను తప్పిపోయినవీ అన్నీ ఉంటాయి. గూటి ఫొటోలను పోటీకి తీసుకోనే తీసుకోమని ప్రవేశ పత్రంలో మొదటి వరుసలోనే అచ్చువేయండి.