ప్రళయానికి ఎంతమంది సాక్షులు కావాలి?

మాక్స్ బ్రూక్స్ 2006లో రాసిన ‘వరల్డ్ వార్ జడ్’ నవల మీద పాఠకుల మాట రెండుగా చీలింది. చచ్చినవాళ్లు లేచి బతికున్నవాళ్ల మీద పడిన జాంబీల యుద్ధం ముగిశాక, మిగిలినవాళ్లను ఒక్కొక్కరినే కలిసి వాళ్ల వాంగ్మూలాలు రాసుకున్నట్టు సాగే పుస్తకం అది. వైద్యుడు, సైనికుడు, పనికిరాని టీకా అమ్మి కోట్లు గడించిన వ్యాపారి తమ వంతు చెప్పి వెళ్లిపోతారు. హీరో లేకపోతే ఎవరి వెంట నడవాలి, ఎవరి కోసం బాధపడాలి అని కొందరు పాఠకుల అసంతృప్తి. అంతమంది మాట్లాడినందుకే ఆ విపత్తు నమ్మేలా ఉందని మరికొందరంటారు. నేను ఈ రెండోవాళ్ల పక్షం. అందుకు నేను చూపే ఆధారం శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలితో పలాస దగ్గర తీరం దాటింది. దాన్ని ఒక్క మనిషి కథగా చెప్పబోతే ఎంత జారిపోతుందో చూడండి. కొబ్బరి రైతు నష్టం ఆ పూటతో తీరేది కాదు. కూలిన చెట్టు చోట మొక్క నాటితే మళ్లీ కాపు చూడటానికి ఏళ్లు పడుతుంది. జీడితోటలు విరిగితే ఆ దెబ్బ పిక్కలు కొట్టి, పప్పు ఒలిచే ఆడవాళ్ల కూలిదాకా వస్తుంది. తీరంలో మత్స్యకారుడి దిగులు పడవ, వలల గురించి. కరెంటు స్తంభాలు ఒరిగి మోటార్లు ఆగిపోతే ఇల్లాలికి ముందు కావలసింది బిందెడు నీళ్లు. గాలి ఒకటే అయినా ఎవరి నష్టం వారిది. ఒకే కథానాయకుడిని నమ్ముకున్న నవల వీటిలో ఒకదాన్ని చూపి, తక్కినవాటిని వెనక్కి నెడుతుంది.

అయితే ఆ పుస్తకంలో ఎవరు మాట్లాడినా ఒకే గొంతు వినిపిస్తుందన్న ఫిర్యాదు ఉంది. అది న్యాయమైనదే. పైగా కొందరి గొంతు అసలే వినిపించదు. అందులో ఒకచోట జనం ప్రాణభయంతో ఓడలెక్కడానికి గుజరాత్‌లోని అలంగ్ తీరానికి ఎగబడతారు. ఆ రాష్ట్రపు సముద్రం శ్రీకాకుళం వాళ్లకు కొత్తది కాదు. మన మత్స్యకారులు అక్కడి వెరావల్ వెళ్లి పడవల మీద పని చేస్తారు. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అలాంటి ఇంటి పాఠకురాలు ఆ అధ్యాయం చదివితే, అలంగ్‌లో కూలికి వచ్చినవాళ్లేమయ్యారు, వాళ్ల మాట ఏదీ అని అడుగుతుంది. పదిమందికీ మాట్లాడే అవకాశం ఇచ్చిన రచయిత పదిమందికీ వేర్వేరు నోళ్లు ఇవ్వాలి. ఇక్కడ లోపం పనితనంలో ఉంది. పద్ధతిని తప్పుపట్టనక్కర్లేదు.

నిజమైన కష్టాలున్నచోట జాంబీల ఊసెందుకని ఇంకొందరు అడుగుతారు. కానీ ఈ నవలలో భయపెట్టేవి శవాలు మాత్రమే కావు. వార్త తొక్కిపెట్టే ప్రభుత్వాలూ, భయాన్ని సొమ్ము చేసుకునే మందులూ అంతకంటే భయం పుట్టిస్తాయి. కరోనా చూశాక ఇది కట్టుకథ అని తీసిపారేయలేం. నాకు అసలు వెలితి మరోచోట కనిపిస్తుంది. ఆ యుద్ధంలో చివరికి మనుషులు గెలుస్తారు. ఉద్దానం జనాన్ని ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అలాంటి విజయదినం లేదు. కారణం ఇదీ అని తేలలేదు, గురిపెట్టడానికి శత్రువు లేడు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అవి ఎంతో అవసరం. అయినా డయాలసిస్ మీదున్న మనిషి వారానికి రెండు మూడుసార్లు ఆ యంత్రం దగ్గరికి వెళ్లవలసిందే. ఇలా ఏళ్ల తరబడి నడిచే విపత్తును చెప్పే ఓపిక ప్రళయ నవలలకు ఇంకా అలవడలేదు.

అందుకే బాగుంది, బాగాలేదు అన్న ముక్కతో పాఠకుడి పని అయిపోదంటాను. మన నేల మీద జరిగినదాన్ని పక్కన పెట్టుకుని, పుస్తకంలో ఏది సరిపోయిందో, ఏది తప్పిందో చెప్పాలి. మన జిల్లాలోని టెక్కలిలోనో కవిటిలోనో కూర్చుని రాసిన అలాంటి అభిప్రాయం తర్వాతి నవలా రచయితకు నిజంగా అక్కరకొస్తుంది.